రొయ్య పెంకు నుంచి పుండు కట్టు దాకా: సహజ పాలిమర్ డ్రెస్సింగులు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చెడతాయి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులున్నారు. డ్రెస్సింగు రూములో రోజూ పుండ్లు కడిగి కట్లు మార్చే నర్సులూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా గాయంలోని తడి దగ్గర మొదలుపెడతాను.

ఆరోగ్యమైన చర్మం గుండా రోజుకు చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది. ఎర్రగా కొత్త కండ పట్టిన పచ్చిపుండు మీద అదే లెక్క 5,000 గ్రాములు దాటుతుంది. అంటే పాతిక రెట్లు. కట్టు ఆ నీటిని పూర్తిగా ఆపేసిందనుకోండి, రసి అడుగున నిలిచిపోయి చుట్టూ ఉన్న మంచి చర్మం నాని, తెల్లబడి, చితికిపోతుంది. పూర్తిగా పోనిస్తే పుండు ఎండి పక్కు కడుతుంది. పక్కు కట్టిందంటే మానుతోందని మన ఇళ్లలో సంతోషిస్తాం. కానీ 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి, కొన్నింటిని గాలికి వదిలేసి చూశాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పరుచుకుంది. చర్మకణాలు తడి మీదే పాకగలవు. పైన పక్కు ఉంటే అవి తడి దొరికే లోతుకు దిగి, పక్కుకి కింద దారి చేసుకుంటూ రావాలి. అక్కడే రోజులు పోతాయి. కట్టు గుండా రోజుకు చదరపు మీటరుకు 2,000 నుంచి 2,500 గ్రాముల ఆవిరి పోతే పుండు ఎండదు, రసీ నిలవదు అని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క.

ఇక సహజ పాలిమర్లు, అంటే ప్రకృతి నుంచి వచ్చే పొడవాటి గొలుసు అణువులు, ఆల్జినేటు, కైటోసాన్, కొలాజెన్ ఏది తీసుకున్నా నేను అడిగేది ఒక్కటే: ఇది ఈ పుండులోని తడిని ఎంత పట్టుకుంటుంది, ఎంత వదులుతుంది, తీసేటప్పుడు ఏం చేస్తుంది? సముద్రం నుంచి వచ్చిందా, చెట్టు నుంచి వచ్చిందా అన్నది ఆ తర్వాతి మాట. ‘సహజమైనదే కదా, ఏం చేస్తుందిలే’ అన్న ధీమా గాయాలకు చాలా హాని చేసింది. పసుపూ కాఫీపొడీ కూడా సహజమైనవే. కాలిన చోట అవి చల్లితే గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనిపించదు, కడిగి తీయాలంటే కాలిన చర్మాన్నే మళ్లీ రుద్దాలి. కాలిన వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయడమే చేయాల్సిన పని.

ముందు ఆల్జినేటు సంగతి. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. 1881లో స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని స్కాట్లండ్ తీరపు నాచు నుంచి తీశాడు. మన దేశంలో తమిళనాడు తీరంలో దొరికే సర్గాసమ్, టర్బినేరియా నాచుల నుంచి తీస్తారు. గొలుసులో రెండు రకాల చక్కెర ముక్కలుంటాయి: మాన్యురోనిక్, గులురోనిక్. గులురోనిక్ ముక్కలు వరసగా వచ్చిన చోట గొలుసు గుడ్ల ట్రేలా గుంటలు పడుతుంది, ఆ గుంటల్లో కాల్షియం కూర్చుని పక్క గొలుసుతో కలిపి పట్టుకుంటుంది. సోడియం ఆల్జినేటు 4 నుంచి 6 శాతం ద్రావణాన్ని సన్నని రంధ్రాల గుండా కాల్షియం క్లోరైడు తొట్టిలోకి తోస్తే దారాలు గట్టిపడి బయటికొస్తాయి. కడిగి, ఆరబెట్టి, వాటినే దూదిలా పరిచి కట్టుగా చేస్తారు.

పుండు మీద జరిగేది దీనికి తిరుగు ప్రయాణం. రసిలోని సోడియం లోపలికి వెళ్తుంది, దారంలోని కాల్షియం బయటికొస్తుంది, దారం ఉబ్బి జెల్ అవుతుంది. తన బరువుకు 15 నుంచి 20 రెట్ల ద్రవాన్ని పట్టుకుంటుంది. విడుదలైన కాల్షియం రక్తం గడ్డకట్టడానికి కొంత సాయపడుతుంది. గులురోనిక్ ఎక్కువున్న ఆల్జినేటు గట్టి జెల్‌గా ఒకే ముక్కగా లేచి వస్తుంది. మాన్యురోనిక్ ఎక్కువుంటే మెత్తటి జెల్ అయి సెలైన్‌తో కడిగితే కొట్టుకుపోతుంది. ఏ రకం కొన్నారో తెలియకపోతే ఎలా తీయాలో తెలియదు, కాబట్టి ప్యాకెట్టు మీద చదవాలి.

నర్సులు తప్పక గమనించాల్సినవి కొన్ని. రసి కారని పొడిపుండు మీద ఆల్జినేటు పెట్టకూడదు. అయాన్ల మార్పిడికి సోడియం ఉన్న ద్రవమే లేదు కదా, దారం దారంగానే ఉండి కండకు అతుక్కుంటుంది. లాగితే కొత్త కండ ఊడుతుంది. అలా అతుక్కుంటే సెలైన్ పోసి నానేదాకా ఆగాలి. లోతైన పుండులో దట్టించి కూరవద్దు, వదులుగా నింపండి. ఉబ్బినప్పుడు గోడల మీద ఒత్తిడి పడితే అక్కడి రక్తప్రసారం తగ్గుతుంది. సన్నని రంధ్రంలోకి తాడులా పంపితే కొస బయటే ఉంచి, ఎన్ని ముక్కలు పెట్టారో కేసుషీటులో రాయండి. పుండు అంచు దాటి మంచి చర్మం మీదికి పరచవద్దు, రసి పక్కకు పాకి అంచులు నానిపోతాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి: తీసేటప్పుడు ఆకుపచ్చ-గోధుమరంగు జిగట కనిపిస్తుంది, వాసనా వస్తుంది. అది చాలాసార్లు రసి కలిసిన ఆల్జినేటు జెల్ మాత్రమే. చూడగానే చీము పట్టిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తారు. ముందు సెలైన్‌తో శుభ్రంగా కడగండి. ఆ తర్వాత కూడా అంచు ఎర్రగా, వేడిగా ఉంటే, నొప్పి పెరుగుతుంటే, వాసన పోకపోతే అప్పుడు ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించాలి.

ఇప్పుడు కైటోసాన్. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే ముడిసరుకు మన గుమ్మంలోనే ఉంది. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం, నెల్లూరు, కాకినాడ ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల, పెంకు తీసేసరికి రొయ్య బరువులో దాదాపు సగం వరకు పక్కకు పోతుంది. కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ ఈ పెంకుల నుంచి కైటిన్, కైటోసాన్ తీసే పద్ధతుల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది, దాని పరిశోధన కేంద్రం విశాఖపట్నంలోనూ ఉంది.

ఎండిన పెంకులో మూడు ప్రధానమైనవి: ప్రోటీను, కాల్షియం కార్బొనేటు, కైటిన్. మొదటి రెండూ పోగొట్టాలి. పెంకును తాజాగా ఉండగానే కడిగి, ఆరబెట్టి, పొడి చేయాలి. గంటల తరబడి ఎండలో కుప్పపోసిన సరుకులో బ్యాక్టీరియా పెరిగి, అవి వదిలిన ఎండోటాక్సిన్ అనే విషపదార్థం చివరి ఉత్పత్తి దాకా వెంట వస్తుంది. ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

కిలో ఎండు పెంకు పొడికి 10 లీటర్ల 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణం పోసి, 70 నుంచి 80 డిగ్రీల వేడిలో 2 గంటలు కలుపుతారు. ప్రోటీను కరిగి నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. వంపి, నీళ్లు తటస్థంగా వచ్చేదాకా కడిగి, కొత్త ద్రావణంతో మళ్లీ ఒకసారి చేస్తే మేలు. రొయ్యలంటే పడనివాళ్లకు అలెర్జీ తెచ్చేది ప్రధానంగా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను, కైటిన్ కాదు. అందువల్ల ఈ మెట్టులో బద్ధకిస్తే దాని ఫలితం రోగి ఒంటి మీద కనిపిస్తుంది.

తర్వాత ఆమ్లం. పెంకులో 40 శాతం కాల్షియం కార్బొనేటు ఉందనుకుంటే కిలోలో 400 గ్రాములు, అంటే 4 మోల్స్. ఒక్కో మోల్‌కి రెండు మోల్స్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి, కాబట్టి 1 నార్మల్ యాసిడ్ కనీసం 8 లీటర్లు. ఆచరణలో 10 నుంచి 15 లీటర్లు తీసుకుంటారు. ఒక్కసారిగా పోస్తే కార్బన్ డయాక్సైడు నురగ తొట్టి దాటి పొర్లుతుంది. కొంచెం కొంచెంగా పోస్తూ, నురగ ఆగాక మరికొంత పోయాలి. గది వేడిలోనే గంట, రెండు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే యాసిడ్ కైటిన్ గొలుసునే తెగ్గొడుతుంది, తర్వాత తీసిన పొర చేతిలోనే చిట్లుతుంది. మిగిలిన బూడిద 1 శాతం లోపు ఉందో లేదో కాల్చి తూచి చూస్తేనే ఈ మెట్టు ముగిసినట్టు.

ఇలా వచ్చింది కైటిన్. దీన్ని కైటోసాన్ చేయాలంటే గొలుసుకు పక్కన అతుక్కుని ఉన్న ఎసిటైల్ గుంపులు తెంచాలి: 50 శాతం కాస్టిక్ సోడాలో, 100 డిగ్రీల దగ్గర, గంట నుంచి కొన్ని గంటలు. 200 గ్రాముల కైటిన్ పెడితే 165 గ్రాములకు అటూఇటుగా కైటోసాన్ వస్తుంది, ఆ తగ్గుదల తెగిపోయిన ఎసిటైల్ బరువు. ఎంత శాతం ఎసిటైల్ పోయిందన్నదే డీఎసిటైలేషన్ స్థాయి. కట్లకు 80 నుంచి 95 శాతం మధ్య ఉన్నది వాడతారు. మరీ తక్కువైతే పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో పూర్తిగా కరగదు. స్థాయిని పెంచాలని గంటలు పొడిగిస్తే గాలిలోని ఆక్సిజన్, వేడి క్షారం కలిసి గొలుసును నరుకుతాయి. అందుకే గాలికి బదులు నైట్రోజన్ వాయువు నింపి, తక్కువ సమయం, రెండు విడతలుగా చేయడం నయం. ఇక్కడ వచ్చే క్షారపు నీళ్లను తటస్థం చేయకుండా కాలువలోకి వదిలితే పక్కనే ఉన్న చెరువు పోతుంది. ఆ ఖర్చు లెక్కలో వేయకుండా కైటోసాన్ చవక అనడం నాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు పొర తీయడం. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కొంచెం నెమ్మదిగా చెబుతాను. 99 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 1 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ కలపండి. అది తిరుగుతుండగా 2 గ్రాముల కైటోసాన్ చిలకరిస్తూ వేయండి. ఒకేసారి గుమ్మరిస్తే పైన జిగురు కట్టి లోపల పొడిగానే ఉండే ఉండలు పడతాయి, అవి ఎంత తిప్పినా కరగవు. రాత్రంతా గది వేడిలో తిప్పి, నైలాన్ గుడ్డలో వడకట్టి, బుడగలు పోయేదాకా వ్యాక్యూమ్‌లో ఉంచండి. 9 సెంటీమీటర్ల పెట్రీ ప్లేటులో 20 మి.లీ. పోస్తే చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీగ్రాములకు పైగా కైటోసాన్ పడుతుంది, ఆరాక మందం సుమారు 50 మైక్రాన్లు. ప్లేటు ఉన్న తట్ట సమతలంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి, లేకపోతే ఒక అంచు మందంగా, ఇంకో అంచు పలచగా వస్తుంది. 40 డిగ్రీల్లో ఒక రోజు ఆరనివ్వండి. 60 డిగ్రీలు పెట్టి తొందరపడితే పైపొర ముందు బిగిసి లోపలి తేమ బుడగలు లేపుతుంది.

ఆరిన పొర చూడటానికి బాగుంటుంది కానీ అది ఇంకా కైటోసాన్ ఎసిటేటు. సెలైన్‌లో వేసిన కాసేపటికే జారిపోయి కరుగుతుంది. మీద పెడితే ఆమ్లం వల్ల పుండు మండుతుంది. 1 మోలార్ కాస్టిక్ సోడాలో, అంటే 100 మి.లీ.కి 4 గ్రాములు, 15 నుంచి 30 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత కడిగిన నీళ్లు పీహెచ్ 7కు వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ కడగాలి. పొర మెత్తగా ఉండాలని ద్రావణంలోనే గ్లిసరాల్ కలిపేవాళ్లున్నారు, ఈ కడుగుడులో అదంతా నీళ్లలోకి పోతుంది. తీరా ఆరాక పొర గాజుముక్కలా విరిగితే కైటోసాన్‌ను తప్పుపడతారు. గ్లిసరాల్‌ను చివర్లో పెట్టుకోండి: కడగడం అయ్యాక 2 నుంచి 5 శాతం గ్లిసరాల్ నీళ్లలో కొన్ని నిమిషాలు నానబెట్టి, అంచులు చట్రంలో బిగించి ఆరబెట్టండి. బిగించకపోతే ముడుచుకుపోతుంది.

ఇంత కష్టపడి ఎసిటేటును పోగొట్టమన్నాను కదా, రక్తం ఆపే కట్టులో మాత్రం దాన్ని ఉంచుకోవాలి. ఎసిటేటు రూపంలో గొలుసు మీది అమైన్ గుంపులు ధనావేశంతో ఉంటాయి. ఎర్రకణాల పైపొరకు రుణావేశం. రెండూ అంటుకుని గాయం నోటికి జిగురు మూత పడుతుంది. ఒంట్లోని గడ్డకట్టే ప్రక్రియతో దీనికి పెద్దగా పని లేదు, కాబట్టి రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లలో కూడా పనిచేస్తుంది. ఆ తరహాలో ఫ్రీజ్‌డ్రై చేసిన కైటోసాన్ ఎసిటేటుతో తయారైన హెమ్‌కాన్ కట్టుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతి ఇచ్చింది. పెట్టాక చేత్తో కనీసం 3 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే పట్టిన మూత ఊడిపోతుంది, మళ్లీ మొదటికే.

సూక్ష్మజీవులను చంపుతుందన్న మాట మీద నాకు కొంత అభ్యంతరం ఉంది. కైటోసాన్ అమైన్ పీకేఏ, అంటే సగం గుంపుల ఆవేశం పోయే పీహెచ్, సుమారు 6.5. పీహెచ్ అంతకంటే పెరిగేకొద్దీ ఆవేశం పోతుంది, ఆవేశంతో పాటు బ్యాక్టీరియా పొరను చీల్చే శక్తీ పోతుంది. నెలల తరబడి మానని షుగర్ పుండ్లు సాధారణంగా క్షార స్వభావంతో, పీహెచ్ 7 దాటి ఉంటాయి. ఆమ్ల ద్రావణంలో చేసిన పరీక్ష చూపించి అలాంటి పుండుకు భరోసా ఇవ్వకూడదు. పరీక్షలోనూ రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. అగార్ ప్లేటు మీద పొర ముక్క పెట్టి చుట్టూ ఖాళీ వలయం కోసం చూస్తారు. తటస్థం చేసిన కైటోసాన్ అగార్‌లోకి వ్యాపించదు, వలయం రాదు, పనిచేయదని పక్కన పడేస్తారు. తటస్థం చేయని పొరకు చక్కటి వలయం వస్తుంది, అది మిగిలిపోయిన ఎసిటిక్ యాసిడ్ పని. బ్యాక్టీరియా ద్రవాన్ని పొరకు నేరుగా తాకించి, గంటల వారీగా బతికున్నవాటిని లెక్కపెట్టే పద్ధతే దీనికి సరైనది. పక్కన యాసిడ్ ఒక్కదానికీ పరీక్ష పెట్టాలి.

పీల్చుకునే శక్తి కొలవడంలోనూ ఇదే తంతు. ఎంతోమంది డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తూస్తారు. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం లేదు, అందులో కాల్షియం ఆల్జినేటు పుండు మీద చేసినట్టు జెల్ అవదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13726 చెప్పే ద్రావణం తయారు చేసుకోండి: లీటరుకు 8.298 గ్రాముల సోడియం క్లోరైడు, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు. 5 సెంటీమీటర్ల చదరపు ముక్కను తూచి, దాని బరువుకు 40 రెట్ల ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, ఒక మూల పట్టుకుని 30 సెకన్లు వేలాడదీసి తూయండి. ఇదంతా చేసినా, అది స్టెరిలైజ్ చేసిన ముక్క కాకపోతే ఆ అంకెలకు విలువ లేదు.

స్టెరిలైజేషన్ సహజ పాలిమర్లకు గండం. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి కైటోసాన్ పొర పసుపురంగుకు తిరుగుతుంది, ద్రావణమైతే చిక్కదనం పోగొట్టుకుంటుంది. కొలాజెన్ అయితే నేరుగా జెలటిన్ అయిపోతుంది. గామా కిరణాలు 25 కిలోగ్రే ఇస్తే గొలుసులు తెగుతాయి, కాబట్టి మొదలే పొడవైన గొలుసున్న సరుకుతో బయలుదేరాలి, తడి లేకుండా ఆరబెట్టి ప్యాక్ చేయాలి. ఎథిలీన్ ఆక్సైడు గొలుసు జోలికి తక్కువ వెళ్తుంది కానీ, విషవాయువు కనుక పూర్తిగా బయటికి పోయేదాకా గాలి ఆడనిచ్చి, మిగులు కొలవాలి.

ఎండోటాక్సిన్ సంగతి చెబుతానన్నాను. బ్యాక్టీరియాను చంపినా దాని పైపొర ముక్కలు అలాగే ఉండిపోతాయి, స్టెరిలైజేషన్ వాటిని తీసేయదు. వాటికి రుణావేశం, కైటోసాన్‌కు ధనావేశం. గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. పట్టుకున్నప్పుడు మామూలు పరీక్షలో అసలు పరిమాణం కంటే తక్కువ కనిపించే ప్రమాదమూ ఉంది, అందుకని తెలిసిన మోతాదు కలిపి, ఎంత తిరిగి దొరికిందో చూసి గానీ ఫలితాన్ని నమ్మకూడదు. కుప్పపోసిన పెంకు దగ్గరే జాగ్రత్తపడమన్నది ఇందుకే.

జంతువుల చర్మానికి బలమిచ్చే ప్రోటీను కొలాజెన్ గురించి క్లుప్తంగా. చెన్నైలోని సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తోళ్ల పరిజ్ఞానంతో ఈ రంగంలోకి వచ్చింది. మన బర్న్స్ వార్డుల్లో పైపైన కాలిన గాయాలకు, వేరేచోట అతికించడానికి చర్మం తీసిన చోటుకు తడి కొలాజెన్ షీట్లు వాడతారు. చాలావరకు ఆల్కహాలు కలిసిన ద్రావణంలో నిల్వ ఉండి వస్తాయి. సెలైన్‌లో బాగా కడగకుండా పరిస్తే రోగి మంటతో విలవిల్లాడతాడు. శుభ్రమైన గాయం మీదే వేయాలి. కింద గాలి, ద్రవం లేకుండా తడిపిన గాజ్ గుడ్డతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పరచాలి. అంటుకున్న షీటు ఎండి, అంచు నుంచి తనంతట తానే లేస్తుంది. లేచినంత మేరకు కత్తిరించాలే తప్ప లాగకూడదు. కింద చీము కదలాడితే మాత్రం ఆలస్యం చేయకుండా తీసేయాలి.

చేపతోలు కొలాజెన్ మీద ఇప్పుడు చాలా ఆసక్తి ఉంది. చల్లటి సముద్రాల కాడ్ చేప కొలాజెన్ ద్రావణంలో 15 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన చెరువుల బొచ్చె, శీలావతి లాంటి వెచ్చని నీటి చేపలది అంతకంటే చాలా ఎక్కువ తట్టుకుంటుంది, అయినా పశువుల కొలాజెన్‌కు సాటి రాదు. అందుకే తీసేటప్పుడు 4 డిగ్రీల చలిలో, 0.5 మోలార్ ఎసిటిక్ యాసిడ్‌లో పని జరగాలి. తర్వాత గొలుసులను కలిపి కుట్టాలి. గ్లూటరాల్డిహైడు అనే రసాయనం గట్టిగా కుడుతుంది కానీ మిగిలిపోయినది కణాలకు విషం. ఈడీసీ అనే రసాయనం కుట్టిన తర్వాత తాను గొలుసులో ఉండిపోదు, దాని మిగులు నీళ్లలో కడిగితే పోతుంది, కాబట్టి అదే నయం. శుద్ధి చేయని పచ్చి చేపతోలు ఇంట్లో గాయం మీద కట్టుకునే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

బ్యాక్టీరియా తయారుచేసే సెల్యులోజు పొర కాలిన గాయాలకు మంచి కప్పు. 99 శాతం నీళ్లే, కాబట్టి చల్లగా ఉంటుంది. మన ఒంట్లో సెల్యులోజును కరిగించే ఎంజైము లేదు కనుక లోతైన పుండులో ముక్క వదిలేస్తే అక్కడే ఉండిపోతుంది. పైకప్పుగానే వాడాలి.

చివరగా ఒక విన్నపం. కొలాజెన్ ఆవుదా, పందిదా, చేపదా అన్నది మన రోగుల్లో చాలామందికి ప్రాణంతో సమానమైన విషయం. రొయ్యలు పడనివాళ్లకు కైటోసాన్ సంగతి తెలియాలి. కట్టు వేయడానికి ముందే అడగండి, ‘అమ్మా, ఇది ఫలానా జంతువు నుంచి చేసినది, మీకు అభ్యంతరమా?’ అని. తయారుచేసేవాళ్లు ఆ మాటను ప్యాకెట్టు మీద తెలుగులో, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి.